బోడుప్పల్ నుంచి అఫ్జల్‌గంజ్ దాకా

బోడుప్పల్ చూడటానికి పనిగట్టుకుని యెవరూ రారు. వరంగల్ పోయేవాళ్ళు దాటిపోతారు, యాదగిరిగుట్టకు మొక్కు తీర్చుకోబోయేవాళ్ళు దాటిపోతారు. ఇక్కడ ఆగేది ఇల్లు కట్టుకున్నవాళ్ళే. అలా ఆగిపోయినవాళ్ళలో నేనొకణ్ణి. ఉప్పల్ చౌరస్తా దాటి, బస్సు డిపో దాటి, కమాను దగ్గర దిగి లోపలికి నడిస్తే మా వీధి. సాయంత్రం గాలి తిరిగినప్పుడు నాచారం వైపునుంచి వొక వాసన వస్తుంది. ఘాటూ కాదు, కంపూ కాదు. మందులషాపు తలుపు తీసినట్టుంటుంది. కొత్తగా వచ్చిన చుట్టాలు ముక్కు మూసుకుంటారు. మాకు అలవాటైంది.

మా పక్కింటివాళ్ళది జనగామ వైపు. వాళ్ళమ్మాయి బయోకెమిస్ట్రీలో ఎమ్మెస్సీ ప్యాసయింది. ఏడాదిపాటు దరఖాస్తులు పెట్టగా పెట్టగా, మందులను పరీక్షించే వొక కంపెనీలో ఉద్యోగం వచ్చింది. స్వీటు పట్టుకొచ్చి చేతిలో పెట్టింది గాని మొహంలో కళ లేదు.

"ఏం పనమ్మా?" అన్నాను.

"ఎలుకల దగ్గర, పెదనాన్నా."

పొద్దున్నే వాటిని తూచాలట. చెవికి గుర్తు వెయ్యాలట. పరీక్షకు వచ్చిన మందును, కొన చివర గుండుగా వుండే సన్నని గొట్టంతో గొంతులోంచి కడుపులోకి పంపాలట. ఆ తర్వాత పద్నాలుగు రోజులు చూస్తూ కూర్చోవాలి: తిన్నదా, వణికిందా, మూలకు చేరిందా అని రాసుకుంటూ. ఆఖరున బతికినవాటిని కూడా చంపి, కోసి, కాలేయమూ మూత్రపిండాలూ చూడాలి.

వాళ్ళ నాన్న గడపలో కూర్చుని వింటున్నాడు. "బోనాలకు పొట్టేలును కోస్తం, ఆదివారం కోడిని కోస్తం. ఎలుక కోసం ఏడుస్తదేంది సారూ ఇది?" అన్నాడు.

ఆ మాటలో న్యాయం లేకపోలేదు. మా పక్కనున్న చెంగిచర్లలో కేంద్రప్రభుత్వం వారి మాంసపరిశోధన సంస్థ వుంది. దాని చిరునామాలో బోడుప్పల్ పోస్టు అనే వుంటుంది. వేట మాంసం తింటూ ఎలుకమీద జాలిపడే నాలాంటివాణ్ణి ఆ మాట సూటిగానే తాకింది.

కాని అమ్మాయి తలెత్తి, "పొట్టేలుకు వొక్క దెబ్బ నాన్నా. వీటికి పద్నాలుగు రోజులు," అంది.

ఎవరం మాట్లాడలేదు. లోపల వాళ్ళమ్మ ఫ్రిజ్జు తలుపు తీసిన చప్పుడైంది. ఆవిడకు పదేళ్ళుగా చక్కెర వ్యాధి. రాత్రి భోజనానికి ముందు ఇన్సులిన్ పొడుచుకోవాలి.

"పోవాల్నా వద్దా, మీరు చెప్పుర్రి పెదనాన్నా," అంది అమ్మాయి.

నాలుగు రోజులు గడువడిగాను. అఫ్జల్‌గంజ్‌లోని స్టేట్ సెంట్రల్ లైబ్రరీకి పోవటం నాకు పాత అలవాటు. ఆ వారం ఈ ప్రశ్నను కూడా సంచిలో వేసుకుని బయలుదేరాను.

ఉప్పల్‌లో మెట్రో యెక్కితే తార్నాక పది నిమిషాలు. ఆ పదినిమిషాల్లో రైలు దేశంలోని పేరుమోసిన శాస్త్రసంస్థలను వరసగా దాటిపోతుంది. స్టేడియం తర్వాతి స్టేషనుకు భూభౌతిక పరిశోధనసంస్థ పేరే పెట్టారు. అది దాటగానే సి.సి.ఎం.బి., ఆ తర్వాత రసాయన పరిశోధన సంస్థ. తార్నాకలో దిగితే జాతీయ పోషకాహార సంస్థ. నాతో దిగిన కుర్రవాళ్ళందరూ సెల్‌ఫోనుల్లోకి తలలు వంచుకుని యూనివర్సిటీవైపు వెళ్ళిపోయారు. నేను పోషకాహార సంస్థ గేటు బయట, చెట్టు కింద కాసేపు నిలబడ్డాను. గేటుదగ్గర జవాను వొకటికి రెండుసార్లు నావంక చూశాడు. లోపలికి పోవటానికి నాకేం పని వుంది కనక?

ఈ సంస్థ మనవూళ్ళో పుట్టింది కాదు. 1918లో నీలగిరుల్లోని కూనూరులో, బెరిబెరి వ్యాధి సంగతి తేల్చటానికని రాబర్ట్ మెక్కారిసన్ అనే డాక్టరు వొక చిన్న గదిలో మొదలుపెట్టాడు. 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. ఆ మెక్కారిసన్ చేసిన పని తమాషాగా వుంటుంది. దేశంలో వొక్కొక్క ప్రాంతంవారు తినే తిండిని వొక్కొక్క ఎలుకల గుంపుకు పెట్టి పెంచాడు. సిక్కుల రొట్టెలు, పాలు, పప్పు, ఆకుకూరలు తిన్న ఎలుకలు దిట్టంగా పెరిగాయి. దక్షిణాది బీదల బియ్యపు తిండి తిన్నవి గిడసబారి, జబ్బుపడ్డాయి. మరపట్టిన తెల్లబియ్యం చేటని మన అమ్మమ్మలకు దంపుడు బియ్యం నమిలిన పళ్ళు చెప్పాయి. సర్కారుకు మాత్రం ఎలుకలు చెప్పవలసి వచ్చింది. ఆ సంస్థతోపాటే కూనూరునాటి ఎలుకల వంశమూ ఇక్కడికి వచ్చింది. దేశంలోని పరిశోధనశాలలకు ఎలుకలను పెంచి ఇచ్చే కేంద్రంగా కూడా దీనికి పేరు.

మా ఇంటిపక్క ఇల్లాలు పొడుచుకునే ఇన్సులిన్ కథా ఇంతే. 1921లో కెనడాలోని టొరంటోలో బాంటింగ్, బెస్ట్ అనే ఇద్దరు కుక్కల క్లోమగ్రంథులు తీసివేసి, వాటికి చక్కెర వ్యాధి తెప్పించి, మళ్ళీ క్లోమరసం యెక్కించి చూశారు. 1922 జనవరిలో పద్నాలుగేళ్ళ కుర్రవాడికి మొదటి ఇంజక్షను పడింది. ఆ కుక్కలు లేకపోతే ఆ కుర్రవాడు లేడు. ఇది కాదనేవాళ్ళతో నాకు పేచీ. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందం బోదకాలు పురుగుకు హెట్రజాన్ మందు కనిపెట్టినప్పుడూ అది మొదట పనిచేసింది కాటన్ ర్యాట్ అనే ఎలుకలోనే. కోవిడ్ రోజుల్లో శామీర్‌పేటవైపు తయారైన కోవాక్సిన్‌ను ముందుగా ఇరవై కోతులమీద పరీక్షించారు. లాక్‌డౌన్‌లో కోతులు ఊళ్ళు వదిలి అడవులకు పోతే, వాటిని వెతికి పట్టుకోవటమే వొక యాతన అయిందట. ఆ టీకా ఈ చేతికి రెండుసార్లు పడింది. కనక నేను బాకీ లేనివాణ్ణని చెప్పుకోలేను.

అయితే ఇన్సులిన్‌లోనే ఇంకో సంగతి వుంది. మందు కనిపెట్టింది వొకసారి. కాని దశాబ్దాలపాటు, తయారైన ప్రతి విడత బలం యెంతో తేల్చటానికి దాన్ని చిట్టెలుకలకు పొడిచి, యెన్ని గిలగిలా కొట్టుకున్నాయో లెక్కపెట్టేవారు. కుందేళ్ళకు పొడిచి రక్తంలో చక్కెర యెంత దిగిందో చూసేవారు. 1982నుంచి సూక్ష్మజీవులచేత మనిషి ఇన్సులిన్‌నే తయారుచేయిస్తున్నారు; దాని బలాన్ని ఇప్పుడు రసాయన పరీక్షతో యంత్రం చెబుతుంది. కొట్టుకోవటానికి ఎలుక అక్కర్లేదు. కనిపెట్టటానికి అవసరమైన ప్రాణం వేరు, అలవాటుకొద్దీ పోయే ప్రాణం వేరు. ఈ రెంటినీ వొకే మాటతో సమర్థించేవారూ వున్నారు, వొకే మాటతో ఖండించేవారూ వున్నారు. ఇద్దరికీ లెక్కలు సరిగా రావని నా అనుమానం.

తార్నాకనుంచి బస్సులో కోఠీమీదుగా అఫ్జల్‌గంజ్ చేరేసరికి పదకొండయింది. లైబ్రరీకి యెదురుగా ఉస్మానియా ఆస్పత్రి గుమ్మటాలు. ఆ గుమ్మటాలకంటే ముందు అక్కడ మూసీ వొడ్డున అఫ్జల్‌గంజ్ ఆస్పత్రి వుండేది. 1908 వరద దాన్ని పట్టుకుపోయింది. జంతువులమీద మందు పరీక్షకు సంబంధించి ప్రపంచమంతా చెప్పుకున్న వొక కథ ఆ ఆస్పత్రి రోజులదే.

అప్పటికి క్లోరోఫారం వాడుకలోకి వచ్చి నలభైయేళ్ళు. కత్తిపెట్టేముందు రోగికి వాసన చూపిస్తే నిద్రపోయేవాడు. వొక్కొక్కడు మళ్ళీ లేచేవాడు కాదు. ఎందుకు? గుండె ఆగా, ఊపిరి ఆగా? ఇక్కడ రెసిడెన్సీ సర్జనుగా, మెడికల్ స్కూలు పెద్దగా వున్న ఎడ్వర్డ్ లారీకి వొకటే పట్టు: క్లోరోఫారం గుండెను తాకదు, ఊపిరిని కనిపెట్టుకుని వుంటే చాలు, నాడి చూడనక్కరలేదు. దాన్ని రుజువు చెయ్యటానికి 1888లో ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఖర్చుతో మొదటి కమీషను కూర్చుంది. నూటికిపైగా వీధికుక్కలను క్లోరోఫారంతో చంపి చూశారు. లండనులో 'లాన్సెట్' పత్రికవారు నమ్మలేదు. "అయితే మీ మనిషినే పంపండి" అని నిజాం వెయ్యి పౌనులిచ్చాడు. 1889లో లాడర్ బ్రంటన్ అనే పెద్ద డాక్టరు వోడెక్కి వచ్చాడు. వచ్చేముందు అతనిదీ గుండె పక్షమే. కొద్దివారాల్లో లండనుకు తంతి కొట్టాడు: కుక్కలు, గుర్రాలు, కోతులు, మేకలు, పిల్లులు, కుందేళ్ళు కలిసి 490, ప్రమాదమంతా ఊపిరాడకపోవటంవల్లా మోతాదు మించటంవల్లానే, గుండెకు నేరుగా యే అపాయమూ లేదు.

ఆ పరీక్షల్లో పాల్గొన్నవారిలో రూపాబాయి ఫర్దూంజీ అనే పార్సీ యువతి వొకరు. 1885లో ఇక్కడి మెడికల్ స్కూల్లో చేరిన తొలి మహిళా విద్యార్థుల్లో ఆమె పేరుంది. తర్వాత ఆమె యేళ్ళతరబడి ఇదే వూళ్ళో రోగులకు మత్తు ఇచ్చింది. ప్రపంచంలో ఆ పనిచేసిన మొదటి స్త్రీలలో ఆమెను లెక్కిస్తారు. హైదరాబాదు గర్వపడదగిన సంగతి అది. మిగతాదానికి గర్వపడాలో లేదో చదువుతున్నకొద్దీ నాకు తేలలేదు.

ఎందుకంటే తీర్పు తప్పు. 1911లో ఇంగ్లండులో గుడ్‌మన్ లెవీ అనే డాక్టరు రుజువు చేశాడు: క్లోరోఫారం తక్కువ మోతాదులో వున్నప్పుడే, రోగి బెదిరినప్పుడు, గుండె గతితప్పి వొక్కసారిగా నిలిచిపోగలదు. నాడి చూడనక్కరలేదన్న హైదరాబాదు మాట నమ్మినవాళ్ళ బల్లలమీద రోగులు పోయి వుండాలి. వందలకొద్దీ ప్రాణాలు తీసి, రాజుగారి సొమ్ము పోసి, పెద్దపెద్ద పట్టికలు గీసి, చివరకు లారీ ముందే మనసులో వేసుకున్న జవాబు దగ్గరికే వచ్చారు. శవాల సంఖ్య పెరిగితే సత్యం పెరగదు కాబోలు. అయితే లెవీ కూడా ఆ సంగతి కనిపెట్టింది పిల్లుల మీదే. కథను ఈ ముక్క దాచి చెబితే నా వాదానికి వీలుగా వుంటుంది గాని, నిజం కాదు.

నా ఇంటర్మీడియట్ కాలేజీ గుర్తొచ్చింది. సీసాలో కప్ప, సీసాలో క్లోరోఫారం తడిపిన దూది. కాసేపటికి అది వెల్లకిలా పడితే మైనపు పలకమీద గుండుసూదులతో గుచ్చి కోసేవాళ్ళం. రెండేళ్ళలో నాచేతి మీదుగా యెనిమిది పోయాయి. వాటిలో నేను కనిపెట్టిందేమీ లేదు. పుస్తకంలో వున్న బొమ్మనే మళ్ళీ గీశాను, మార్కులు పడ్డాయి. డిగ్రీ కాలేజీల్లో ఈ కోతలు మానుకొమ్మని యూనివర్సిటీ గ్రాంట్స్ కమీషను 2011లోనూ, ఇంకా గట్టిగా 2014లోనూ చెప్పింది. ఆ యెనిమిది కప్పలకూ ఇక సంజాయిషీ లేదు.

పుస్తకాలతల్లి నీడలో మధ్యాహ్నందాకా కూర్చుని చట్టం సంగతి కూడా చదివాను. జంతువుల తరఫున పార్లమెంటులో మొదట పట్టుబట్టింది నాట్యానికి పేరుపడ్డ రుక్మిణీదేవి అరండేల్. రాజ్యసభలో ఆమె తెచ్చిన బిల్లును, ప్రభుత్వమే చట్టం తెస్తుందని నెహ్రూ మాటిచ్చి వెనక్కి తీయించారు. 1960లో చట్టం వచ్చింది. ప్రాణరక్షణకోసం చేసే ప్రయోగాలను అది నిషేధించలేదు. కాని పుస్తకాలతో, బొమ్మలతో, ఫిల్ములతో పాఠం చెప్పగలిగినచోట ప్రయోగం మానమంది. వట్టి చేతిపని నేర్చుకోవటానికి జంతువును కొయ్యవద్దంది. పెద్ద జంతువు బదులు కుందేలో, కప్పో, ఎలుకో చాలినప్పుడు చిన్నదానితోనే సరిపెట్టమంది. ఆ చివరి మాట చదివి నవ్వొచ్చింది. ఆఖరికి దయలో కూడా ఎలుకకు ఆఖరి బంతే.

1998 నిబంధనలప్రకారం ప్రయోగాలు చేసే ప్రతి సంస్థలోనూ వొక నైతిక సంఘం వుండాలి. దాని అనుమతి లేకుండా జంతువును ముట్టుకోరాదు. ఆ సంఘంలో పశువైద్యుడు, సంస్థ శాస్త్రజ్ఞులు, బయటి శాస్త్రజ్ఞుడు, ప్రభుత్వం నియమించిన ప్రతినిధి. వీళ్ళతోపాటు శాస్త్రం చదవని, లోకజ్ఞానం గల వొక సామాన్యుడికీ కుర్చీ వుంది. ఈ సంగతి చాలామందికి తెలియదు. ఆ కుర్చీలో కూర్చున్నవాడు టీ తాగి సంతకం పెట్టి రావచ్చు. లేదా, "ఈ పరీక్షకు ఇంకో దారి వుందా? ముప్పై యెందుకు, పన్నెండు చాలవా? బాధ భరించరానిదైతే యే గుర్తు చూసి ఆపుతారు?" అని మూడు ప్రశ్నలు అడగవచ్చు. 1959లో రస్సెల్, బర్చ్ అనే ఇద్దరు ఇంగ్లీషు శాస్త్రజ్ఞులు చెప్పిన మూడు సూత్రాలూ ఇవే: వీలైతే మానటం, మానలేకపోతే తగ్గించటం, తగ్గించినవాటికీ నొప్పి తక్కువ చెయ్యటం. మనవాళ్ళు నాలుగోది కలిపారు. ప్రయోగం ముగిశాక బతికిన పెద్దజంతువులను పోషించే ఖర్చు కూడా ప్రయోగం ఖర్చులో భాగమేనని.

పెద్ద తలుపులూ కొద్దికొద్దిగా తెరుచుకుంటున్నాయి. పెట్టినవాటిలో సగం చచ్చే మోతాదు యెంతో తేల్చే పరీక్ష 1927లో మొదలైంది. దాని పాత పద్ధతిని 2002లో అంతర్జాతీయ నియమావళినుంచి తీసేశారు. 2014లో మన దేశం పౌడర్లకూ స్నోలకూ జంతుపరీక్షలను నిషేధించింది. అమెరికావారు 2022 డిసెంబరులోనూ, మనవారు 2023 మార్చిలోనూ కొత్తమందుల విషయంలో మానవకణాలతో, కంప్యూటర్లతో చేసే పరీక్షలకు చట్టంలో చోటిచ్చారు. పొద్దున నేను రైల్లో దాటివచ్చిన సి.సి.ఎం.బి. ఆవరణలోని సంస్థే, హ్యూమేన్ సొసైటీ ఇంటర్నేషనల్‌తో కలిసి, జంతువులు లేకుండా మనిషి కణాలతో మందులను పరీక్షించే పనికి వొక కేంద్రం పెట్టింది. ఇదంతా జాలితోనే అనుకోనక్కరలేదు. 2006 మార్చిలో లండనులో కోతులకు యే హానీ చెయ్యని వొక మందును, అందులో అయిదువందలో వంతు మోతాదులో ఆరుగురు కుర్రవాళ్ళకిస్తే, ఆరుగురూ చావుబతుకుల్లో పడ్డారు. కోతి మనకు దగ్గరి చుట్టమే గాని, మన జాతకం దాని చేతిలో లేదు.

అలాగని పరీక్షే వద్దందామా? 1937లో అమెరికాలో పరీక్షించకుండా అమ్మిన వొక తియ్యటి మందుకు పిల్లలతో సహా వందమందికిపైగా చనిపోయారు. అందులో కలిసిన విషం పేరు డైఎథిలీన్ గ్లైకాల్. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో దగ్గుమందు తాగి ఇరవైమందికి పైగా పసివాళ్ళు పోయిందీ ఆ విషంతోనే. ఇన్నేళ్ళ తర్వాత దాన్ని పట్టుకోవటానికి ఎలుకా అక్కర్లేదు, కుందేలూ అక్కర్లేదు. సీసాలోని మందును యంత్రంలో పెట్టి చూడాలి. చెయ్యవలసిన ఆ వొక్క పరీక్షా మానేశారు.

తిరుగుబస్సు అంబర్‌పేట, రామంతాపూర్ మీదుగా వచ్చింది. రామంతాపూర్‌లో హోమియో కాలేజీ బోర్డు చూసి నాలో నేనే నవ్వుకున్నాను. హానిమన్ తన మందులను జంతువులమీద కాదు, తనమీదా తన శిష్యులమీదా ప్రయోగించుకున్నాడు. ఆ మందుల సంగతి యెలావున్నా, ఆ మర్యాద మాత్రం మెచ్చుకోదగ్గదే.

నాలుగోరోజు అమ్మాయితో అన్నాను: "నువ్వు పోకపోతే ఇంకొకరు పోతారు. వాళ్ళకు నిద్రపట్టవచ్చు. నిద్రపట్టనివాళ్ళు అక్కడ వొకరుండటం మంచిదనుకుంటాను. కాని నువ్వు తట్టుకోలేకపోతే మానేసి రావటంలో తప్పులేదు." సలహా యివ్వటం సులభమే; గొట్టం పట్టుకునే చెయ్యి నాది కాదుగదా.

చేరింది. మొదటి నెల అన్నం సరిగా తినలేదని వాళ్ళమ్మ చెప్పింది. రెండోనెలలో వొకరోజు రాత్రి ఆలస్యంగా వచ్చింది. ఆ పొద్దున వొక చిట్టెలుక వెంట్రుకలు నిక్కబొడుచుకుని, కళ్ళు సగం మూసుకుని, పిలిచినా కదలకుండా మూల ముడుచుకు పడివుందట. పైఅధికారి, "లెక్కకు ఇంకా మూడురోజులుంది, రేపు చూద్దాం," అన్నాడట. ఈ పిల్ల ఫైలు తెచ్చి, సంఘం సంతకాలు పెట్టిన కాగితంలో, ఇలాంటి లక్షణం కనిపిస్తే నొప్పి లేకుండా వెంటనే చంపాలి అని రాసివున్న పంక్తిమీద వేలు పెట్టి నిలబడిందట. సాయంత్రానికి పశువైద్యుణ్ణి పిలిపించారు.

"గొడవపడ్డవా?" అని వాళ్ళ నాన్న భయపడ్డాడు.

"లేదు నాన్నా. చదివి వినిపించిన, అంతే."

ఇంకో సంగతి తర్వాత చెప్పింది. ఇంజక్షను మందులో జ్వరం తెప్పించే మలినం వుందేమో చూడటానికి వాళ్ళు ఇంకా కుందేళ్ళను గంటలకొద్దీ మెడ బిగించి కూర్చోబెట్టి, చెవినరంలో మందు పొడిచి, జ్వరం చూస్తున్నారు. 2018 నాటి మన ఇండియన్ ఫార్మకోపియాలోనే దీనికి బదులు వేరే పరీక్షలున్నాయి. ఒకదానికి పీత రక్తం కావాలి. ఇంకోదానికి మనిషి రక్తకణాలు చాలు. మరి ఎందుకు చేస్తున్నారంటే, విదేశంలో మందు కొనేవారి పాత ఒప్పందంలో కుందేటి పరీక్ష అని రాసివుందట. ఆ మాట మార్చమని అడిగినవాళ్ళు లేరట. ఈమె అడిగింది. పై ఆఫీసరు విసుక్కుని, చివరికి, "సరే, నువ్వే రాసియ్యి, సంతకం పెట్టి పంపుతాను," అన్నాడు. ఆ ఉత్తరం తిరగరాస్తూ రెండు ఆదివారాలు మా అరుగుమీదే కూర్చుంది. వ్యాకరణం దిద్దటం నా వంతు.

మొన్న వానలో కమాను దగ్గర నేను బస్సు దిగేసరికి ఆమె కూడా వెనక తలుపులోంచి దిగింది. వాళ్ళ నాన్న స్కూటరుతో టీకొట్టు చూరుకింద నిలబడి వున్నాడు.

"జవాబు వచ్చిందా అమ్మా?"

"ఇంకా రాలే పెదనాన్నా. ఈ నెలల రెండుసార్లు కుందేళ్ళను పెట్టిన్రు." దుపట్టాతో మొహం తుడుచుకుంది. "ఇంకో ఉత్తరం రాద్దామా? ఆదివారం వుంటరా?"

వుంటానన్నాను. వాళ్ళ నాన్న స్కూటరు తిప్పాడు. "అమ్మకు ఇన్సులిన్ అయిపోయింది, షాపు కాడ ఆపు నాన్నా," అంటూ ఎక్కి కూర్చుంది.